కడపలో మీ చివరి ఏడాది ఫోటో ప్రదర్శన: ఊరి జనం వచ్చి చూసేలా ఏర్పాటు చేయడం ఎలా

ఫోటోగ్రఫీ కోర్సు చివరి సెమిస్టరులో పెట్టే ప్రదర్శనను చాలాచోట్ల రెండు రకాల వాళ్ళే చూస్తారు. మార్కులు వేయడానికి వచ్చే పరీక్షకులు ఒక రకమైతే, ఆ చిత్రాలన్నిటినీ అప్పటికే ఫోన్లలో చూసేసిన తోటి విద్యార్థులు మరో రకం. మీ తరగతి అంతటితో ఆగకుండా కడప జనానికి, అంటే ఏడు రోడ్ల కూడలికి బట్టలు కొనడానికి వచ్చిన కుటుంబానికి, పెద్ద దర్గాకు వచ్చి తిరుగు బస్సు కోసం చూస్తున్న పెద్దావిడకు, ట్యూషన్ ముగించుకొని సైకిలు మీద ఇంటికి పోతున్న పిల్లవాడికి మీ పని చూపించాలనుకుంటే, ఏర్పాట్లన్నీ వాళ్ళ వైపు నుంచి ఆలోచించవలసి ఉంటుంది. ఎన్ని చిత్రాలు పెట్టాలి, ఎంత ఎత్తున తగిలించాలి, అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలి, ఏ వేళల్లో తలుపులు తీయాలి అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ, మొదటిసారి ఫోటో ప్రదర్శనకు వచ్చిన మనిషికి ఏది సులువో అదే చేయండి.

తేదీ, చోటు

పరీక్షలు ముగియగానే మే నెలలోనే ప్రదర్శన పెట్టేయాలన్న తొందర సహజమే. కానీ ఎండ 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో మధ్యాహ్నం ఇల్లు కదిలేవారు ఉండరు, పైగా బోర్డుకు అంటించిన ప్రింట్లు కూడా ఆ వేడికి వంగిపోతాయి. అంతకన్నా ఆషాఢమాసం ఎంతో అనువైనది. ముహూర్తాలు ఉండవు కాబట్టి కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, యజమానులు అద్దె విషయంలో మాట వింటారు, షామియానా సప్లయర్స్ దగ్గర సామాను దొరుకుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా పెళ్ళి ఆల్బముల ఒత్తిడి లేని కలర్ ల్యాబు మనిషి మీ ప్రింట్లను నిదానంగా చూసి చేస్తాడు. ఆషాఢం కుదరకపోతే ఆగస్టు 19 మీద దృష్టి పెట్టండి. డాగెరోటైపు అనే తొలినాటి ఫోటో పద్ధతిని 1839లో ఫ్రాన్సులో లోకానికి వెల్లడించిన ఆ రోజును ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకొంటారు కాబట్టి పత్రికల వాళ్ళు కూడా ఆ రోజుకు తగిన వార్త కోసం చూస్తుంటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కనుక ఆరుబయట పెట్టే ఆలోచన ఉంటే ఆ రెండు నెలలూ వదిలేయండి.

చోటు వెదికేటప్పుడు అందం కన్నా ముందు గోడలు చూడండి. మేకు కొట్టనిస్తారా, రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు పోతే జనరేటరు ఉందా, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు లోపలికి రాగలరా అన్నవి అడగకుండా బయానా ఇవ్వకండి. సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వంటి చోట చదువరులు రోజూ ఎలాగూ వస్తుంటారు కాబట్టి అక్కడి బాధ్యులను కలిసి కాగితం మీద రాసి అడగడం మంచిది. రోడ్డు పక్కనో, పార్కులోనో పెట్టదలిస్తే నగరపాలక సంస్థకూ పోలీసు స్టేషనుకూ విడివిడిగా అర్జీలు ఇవ్వవలసి ఉంటుంది. కనీసం నెల ముందే ఇవ్వండి, ముద్ర వేసిన నకలు మీ దగ్గర ఉంచుకోండి.

చిత్రాల ఎంపిక

పదిహేనుమంది విద్యార్థులు తలా పది చిత్రాలు తెస్తే నూట యాభై అవుతాయి. అన్ని చిత్రాలను నిలబడి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ముప్పయ్యో చిత్రం దాటాక చూపు జారిపోతుంది. హాలు ఎంత పెద్దదైనా మొత్తం నలభై, నలభై అయిదు దగ్గర ఆపండి. తలా మూడు అనుకొని మొదలుపెడితే గొడవ తగ్గుతుంది కానీ, ఒకరి పని అయిదు చిత్రాల వరుసగా చూస్తేనే అర్థమయ్యేలా ఉండవచ్చు, ఇంకొకరిది ఒక్క పెద్ద చిత్రంతోనే నిలబడవచ్చు. లెక్క సమానంగా ఉండాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

ఎంపికను కంప్యూటరు తెర మీద చేయకండి. అన్నిటినీ 4×6 సైజులో చౌకగా ప్రింటు వేయించి, తరగతి గదిలో నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ చూడండి. ఒకే మాట చెప్పే రెండు మంచి చిత్రాలు పక్కపక్కన పడితే రెండూ బలహీనపడటం అప్పుడే కనబడుతుంది. మీ అధ్యాపకులు చూశాక హాస్టలు వంటమనిషిని, వాచ్‌మన్‌ను కూడా పిలిచి ఏమీ చెప్పకుండా చూడనివ్వండి. వాళ్ళు ఏ చిత్రం దగ్గర వంగి చూశారో, దేన్ని దాటి నడిచారో గమనించి రాసుకోండి, ఎందుకంటే రేపు హాలుకు వచ్చేది వాళ్ళలాంటివాళ్ళే. ఇక గండికోట సంగతి. పెన్నా లోయ మీద సూర్యాస్తమయం ఈ జిల్లాలో కెమెరా పట్టిన ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది, మీ తరగతిలో కనీసం ఎనిమిదిమంది దాన్ని తెస్తారు. ఒక్కదాన్ని ఉంచుకోండి, అదీ మిగతావాటిలో లేనిదేదైనా దానిలో ఉంటేనే.

ఎవరి చిత్రం, ఎవరి అనుమతి

ఎంపిక ముగిసిన వెంటనే, ప్రింటుకు ఇవ్వకముందే చేయవలసిన పని ఇది. పార్ట్‌టైముగా స్టూడియోల తరఫున పెళ్ళిళ్ళకు వెళ్ళి తీసిన ఫోటోలు మీలో చాలామంది దగ్గర ఉంటాయి, వాటిలో బాగున్నవీ ఉంటాయి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. అందుకని ఆ పెళ్ళివారు రాసి ఇస్తే తప్ప అటువంటివి గోడకు ఎక్కించకండి. గండికోట, సిద్ధవటం వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కోటల్లో ట్రైపాడ్ వాడి తీసినవి ఉంటే, అప్పట్లో తీసుకున్న అనుమతి కాగితం ఫైలులో ఉందో లేదో చూసుకోండి.

చట్టం సంగతి అలా ఉంచితే, మనిషి ముఖం స్పష్టంగా కనబడే ప్రతి చిత్రానికీ ఆ మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలన్నది నా గట్టి అభిప్రాయం. తీసేటప్పుడు "తీసుకోప్పా" అని నవ్విన రైతు, అదే ఫోటోను మూడడుగుల సైజులో ఊరందరూ చూస్తారని అప్పుడు అనుకొని ఉండడు. 4×6 ప్రింటు చేతికిచ్చి, ఎక్కడ పెడుతున్నారో, ఎన్నాళ్ళు ఉంటుందో, అమ్ముతారో లేదో తెలుగులో అరపేజీ రాసి, చదవడం రాకపోతే చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉండాలి. వద్దన్నవారి చిత్రం ఎంత బాగున్నా దించేయవలసిందే, అక్కడ బతిమాలడం కూడా తగదు.

విషాదం ఉన్న చిత్రాలకు ఇంకా జాగ్రత్త అవసరం. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళు వరదపాలయ్యాయి. ఆ ఊళ్ళకు వెళ్ళి కూలిన ఇళ్ళనూ, మిగిలిన మనుషులనూ చిత్రించిన విద్యార్థులు ఉంటే, ఆ ఇంటివాళ్ళు కడప రావడం గంటన్నర పని అని గుర్తుంచుకోవాలి. చనిపోయినవారి ఫోటో పట్టుకొని కూర్చున్న తల్లి చిత్రాన్ని ఆమె హాలులో హఠాత్తుగా చూడకూడదు. ముందుగా ఆమెకు చూపించాలి, ఆమె సరేనన్న చిత్రాన్నే, ఆమె సరేనన్న మాటలతోనే పెట్టాలి.

ప్రింటు

ఎక్కువ ప్రదర్శనలు చెడేది ఇక్కడే కాబట్టి దీనికి సమయం ఎక్కువ కేటాయించండి. ముందు కొలత తేల్చుకోవాలి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా చిత్రం పొడవు దాదాపు 6000 పిక్సెళ్ళు ఉంటుంది. దాన్ని 30 అంగుళాల పొడవున వేస్తే అంగుళానికి 200 పిక్సెళ్ళు పడతాయి, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే పెద్ద ప్రింటుకు అది సరిపోతుంది. అదే చిత్రం పొడవును సగానికి కత్తిరించి ఉంటే అంగుళానికి 100 మాత్రమే మిగులుతాయి, అప్పుడు 12×18తో తృప్తిపడటం మేలు. కెమెరా చిత్రాలకు 12×18, 16×24, 20×30 సైజులు అంచులు తెగకుండా సరిపోతాయి. ఫోనుతో తీసినవాటి నిష్పత్తి సాధారణంగా వేరుగా ఉంటుంది కాబట్టి వాటికి 12×16, 18×24 అడగండి. లేకపోతే ల్యాబులో పైనా కిందా కోసేస్తారు, తలలు పోయాక గానీ మీకు తెలియదు.

మన ఊళ్ళ కలర్ ల్యాబులు పెళ్ళి ఆల్బముల మీద బతుకుతాయి. అందుకే అక్కడి ఆపరేటరు ఫైలు తెరవగానే అలవాటుగా ముఖాలను తెల్లగా చేసే కరెక్షన్ వేస్తాడు. నాపరాతి గనిలో ఎండకు కమిలిన కూలీ చర్మాన్ని మీరు ఎంతో జాగ్రత్తగా పట్టుకొని ఉంటే, అది ఒక్క నొక్కుతో పెళ్ళికొడుకు ముఖమై కూర్చుంటుంది. "అన్నా, ఏ కరెక్షనూ వేయొద్దు, ఫైలు ఎట్లుందో అట్లే కొట్టు" అని నోటితో చెప్పి, ఆర్డరు కాగితం మీద కూడా రాయించండి. ఫైళ్ళను ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగులో, జేపెగ్ అత్యధిక నాణ్యతలో పెన్‌డ్రైవులో ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పిక్సెళ్ళు తగ్గిపోతాయి. మీ ల్యాప్‌టాప్ తెర వెలుతురు సాధారణంగా ఎక్కువగా పెట్టుకొని ఉంటారు కాబట్టి తెర మీద బాగున్న చిత్రం కాగితం మీద ముదురుగా పడుతుంది. అందుకని ప్రతి విద్యార్థివీ రెండేసి చిత్రాలను ముందు 8×12లో పరీక్షగా వేయించి, వాటిని ల్యాబులో కాకుండా మీరు ప్రదర్శన పెట్టబోయే హాలులో, అక్కడి లైట్ల కింద చూడండి. నలుపు తెలుపు చిత్రాల్లో పచ్చని ఛాయో గులాబీ ఛాయో తేలితే అక్కడే దొరికిపోతుంది.

కాగితం మ్యాట్, అంటే మెరుపు లేనిది, ఉండాలి. మెరిసే గ్లాసీ కాగితం మీద ట్యూబులైటు గీత పడి చిత్రం సగం కనబడదు. ఫ్రేములకు డబ్బు చాలకపోతే 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ షీటు) మీద మ్యాట్ ల్యామినేషన్‌తో అంటించినా గౌరవంగానే ఉంటుంది. ఫ్రేము కట్టించేవారు అద్దం వద్దనుకోవడమే మంచిది. ఫ్లెక్స్ మీద మాత్రం ఎంత చవకైనా వేయించకండి. మన వీధుల్లో ఫ్లెక్స్ అంటే పుట్టినరోజు శుభాకాంక్షలని కంటికి అలవాటైపోయింది, మీ చిత్రాన్ని కూడా జనం అలాగే దాటి పోతారు.

తగిలించడం

హాలు చేతికి వచ్చిన రోజున మేకులు కొట్టడం మొదలుపెట్టకండి. ముందు చిత్రాలను వాటి గోడల కింద నేల మీద ఆనించి, వరుసలు మార్చి చూసి, తలుపు లోంచి రాగానే ఎదురుగా కనబడేది ఏదో నిర్ణయించండి. అక్కడ అందరికీ తెలిసిన చోటును తెలియని కోణంలో చూపించే చిత్రం ఉంటే కడపవాళ్ళు లోపలికి అడుగు వేస్తారు. దేవుని కడప తేరు వీధిని అక్కడి మేడ మీది నుంచి తీసినది అటువంటిదే.

ఎత్తు విషయంలో ఒకే నియమం పెట్టుకోండి. ప్రతి చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉండాలి. ఉదాహరణకు 20×30 అడ్డ చిత్రానికి చుట్టూ అంగుళం ఫ్రేము కడితే అది 22 అంగుళాల ఎత్తు, 32 అంగుళాల వెడల్పు అవుతుంది. వెనక కట్టిన వైరును వేలితో పైకి లాగి పట్టుకుంటే అది ఫ్రేము పై అంచుకు 3 అంగుళాలు కిందగా నిలిచిందనుకోండి. అప్పుడు 57కు 11 కలిపి 3 తీసేస్తే 65 వస్తుంది, మేకు కొట్టవలసింది ఆ ఎత్తునే. ఎడం లెక్క కూడా ఇంతే సులువు. 30 అడుగుల గోడ అంటే 360 అంగుళాలు. దాని మీద ఆరు ఫ్రేములు పెడితే 192 పోయి 168 మిగులుతాయి, చివర్లతో కలిపి ఏడు ఖాళీలకు 24 అంగుళాల చొప్పున వస్తాయి. గోడ పొడవునా దారం లాగి కట్టి, మేస్త్రీలు వాడే రసమట్టంతో సరిచూసుకోండి. కంటితో చూసి సమంగా ఉందనుకున్నది ప్రారంభోత్సవం ఫోటోల్లో వంకరగా కనబడుతుంది.

మేకులు వద్దన్నచోట సప్లయర్స్ దగ్గర ఇనుప పైపుల స్టాండ్లు, వాటికి బూడిద రంగో తెలుపో గుడ్డలు అద్దెకు తీసుకోవచ్చు. వాళ్ళు తెచ్చే ఎర్రటి, పచ్చటి సాటిను గుడ్డలను మర్యాదగా తిప్పి పంపండి. స్టాండ్ల కాళ్ళ మీద ఇసుక మూటలు వేయకపోతే ఫ్యాను గాలికి చిత్రాలు ఊగుతూ ఉంటాయి. డబుల్ టేపును నమ్ముకోవద్దు, మన వేడికి అది అర్ధరాత్రి జారి పొద్దునకు ప్రింటు నేల మీద ఉంటుంది.

వెలుతురుకు ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు తీసుకోండి. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాసి ఉన్నవైతే రంగులు సరిగా కనబడతాయి. లైటు నిలువు నుంచి దాదాపు 30 డిగ్రీల వాలులో చిత్రం మీద పడితే చూసేవారి నీడ దాని మీద పడదు. పడమటి కిటికీలకు మందపాటి గుడ్డ కట్టండి. వైర్లు నడిచే దారిలో పడకుండా గోడ వెంట తిప్పించి, హాలు పాత కట్టడమైతే లోడు ఎంత పడుతుందో అక్కడి ఎలక్ట్రీషియన్‌కే చూపించండి.

చిత్రం కింది రాత

"జీవన పోరాటం", "ఆశల కిరణం" వంటి పేర్లు మీ చిత్రానికి ఏమీ చేయవు. ఎర్రగుంట్ల దగ్గరి నాపరాతి గనిలో తీసిన చిత్రం కింద "మధ్యాహ్నం పని ఆపి, తాము కోసిన బండ నీడలోనే అన్నం తింటున్న కూలీలు, ఎర్రగుంట్ల" అని రాస్తే, చూసేవాడు మళ్ళీ చిత్రంలోకి వెళ్ళి ఆ బండను వెదుకుతాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవి చెప్పి, చిత్రంలో కనబడని ఒక్క సంగతి కలిపితే చాలు. ఒప్పుకుంటే మనుషుల పేర్లు రాయండి. ఏ లెన్సు, ఎంత షట్టరు వేగం అన్నవి ఊరి జనానికి అక్కరలేదు, కావలసినవాళ్ళు ఎలాగూ అడుగుతారు. అక్షరాలు మూడడుగుల దూరం నుంచి కళ్ళజోడు లేని పెద్దవాళ్ళు చదవగలిగేటంత ఉండాలి, కాబట్టి 24 పాయింట్ల కన్నా తగ్గించకండి. తెలుగు పైన ఉండాలి. కడపలో ఉర్దూ చదివేవారు చాలామంది ఉన్నారు కనుక కింద ఉర్దూ కూడా వేస్తే వాళ్ళు ఇంటికి వెళ్ళి మరో నలుగురిని తీసుకొస్తారు. అయితే దాన్ని ఫోన్లోని అనువాదానికి వదలకుండా ఉర్దూ బడి అయ్యవారి చేత రాయించి, ప్రూఫు కూడా ఆయనకే చూపించండి.

పిలుపులు, ప్రారంభం

పత్రికల జిల్లా విలేకరులకు ఒక్క పేజీ ప్రకటన, పేర్లతో సహా రెండు చిత్రాలు వారం ముందు అందితే చాలు. పాఠశాలలకు మాత్రం స్వయంగా వెళ్ళి ప్రధానోపాధ్యాయులను కలిసి, ఉదయం వేళల్లో ముప్పయిమంది చొప్పున పిల్లలను పంపమని అడగండి. చిత్రాల్లో ఉన్న మనుషులకు శుభలేఖ ఇచ్చినట్టు ఇంటికి వెళ్ళి కార్డు ఇవ్వాలి. దూరపు ఊళ్ళ వాళ్ళ కోసం ఒక రోజు బండి మాట్లాడి తీసుకురావడానికయ్యే ఖర్చును మొదటి రోజు లెక్కలోనే రాసుకోండి.

ప్రారంభోత్సవం హాలు బయట జరపండి. లోపల పెడితే శాలువాలు, ఉపన్యాసాలు, సెల్ఫీలు ముగిసేసరికి గంటన్నర గడుస్తుంది, ఆ గంటన్నరా చిత్రాలన్నీ జనం వీపుల వెనకే ఉంటాయి. రిబ్బను కత్తిరించడానికి ఆ బండ నీడలో అన్నం తిన్న కూలీనో, మాధవరం మగ్గం మీద కూర్చున్న నేతగత్తెనో పిలిస్తే సభ పొట్టిగా ముగుస్తుంది, ఆ తర్వాత లోపలికి వచ్చేవాళ్ళు వాళ్ళ వెంటే వస్తారు. విరాళం ఇచ్చినవారి పేర్లు గుమ్మం దగ్గర ఒకే బోర్డు మీద, ఒకే సైజులో ఉండాలి. చిత్రాల గోడ మీదికి ఎవరి బొమ్మా రాకూడదని డబ్బు తీసుకోకముందే చెప్పండి.

ప్రదర్శన జరిగే రోజులు

బడిపిల్లలకు ఉదయం పదినుంచి పన్నెండు వరకు, అందరికీ సాయంత్రం అయిదునుంచి తొమ్మిది వరకు తెరిస్తే సరిపోతుంది. ఎప్పుడూ ఇద్దరు విద్యార్థులు హాలులో ఉండేలా వంతులు వేసుకోండి. కుర్చీలో కూర్చొని ఫోను చూస్తున్న విద్యార్థిని దాటి లోపలికి రావడానికి చాలామంది మొహమాటపడతారు కాబట్టి నిలబడి, "రండి, చూడండి" అని పిలవడం వంతులో ఉన్నవారి పని. వెంటనే వివరించడం మొదలుపెట్టవద్దు. ఒక చిత్రం దగ్గర ఆగితే అప్పుడు పక్కకు వెళ్ళండి. "ఏ కెమెరా నాయనా?" అన్న ప్రశ్న రోజుకు పదిసార్లు వస్తుంది. ఒక్క మాటలో చెప్పి, "ఈ చోటు మీకు తెలుసా?" అని తిరిగి అడగండి. తరచుగా ఆ ఊరి గురించి మీకు తెలియని సంగతి వాళ్ళే చెబుతారు, దాన్ని ఆ రాత్రే రాసుకోండి. అభిప్రాయాల పుస్తకం గుమ్మం దగ్గర కాకుండా చివరి చిత్రం పక్కన పెట్టండి, రాయడం రానివాళ్ళు చెప్పింది మీరు రాయండి.

కొంటామని ఎవరైనా అడిగితే ఖర్చుకు తగిన ధర ముందే నిర్ణయించి ఉంచుకోవాలి. అమ్మిన ప్రింటు చివరి రోజు వరకు గోడ మీదే ఉంటుందని చెప్పి, రసీదు ఇచ్చి, పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించండి. మనుషుల ముఖాలున్న చిత్రాలను, అనుమతి పత్రంలో అమ్మకం మాట రాసి ఉంటేనే అమ్మండి.

దించేటప్పుడు

చివరి రాత్రి అందరూ అలసిపోయి ఉంటారు కనుక దించే పనిని మరుసటి ఉదయానికి పెట్టుకోండి. రెండేసి ప్రింట్లను ముఖాముఖి పెట్టి మధ్యలో బటర్ పేపరు వేసి కట్టాలి. సన్‌బోర్డులను బండిలో నిలువుగా కాకుండా పడుకోబెట్టి, ఎండలో నిలిపిన బండిలో వదలకుండా తీసుకెళ్ళాలి. చిత్రాల్లోని మనుషులకు ఇస్తామన్న ప్రింట్లు ఆ వారంలోనే చేర్చండి, తర్వాత ఉద్యోగాల వేటలో ఎవరు ఎక్కడుంటారో చెప్పలేం. గోడల్లోని మేకు రంధ్రాలకు పుట్టీ పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అదే రంగు పూసి, హాలు బాధ్యులను పిలిచి చూపించి, అడ్వాన్సు వెనక్కి తీసుకొని తాళాలు అప్పగించండి.